ఎర్ర గీత దాటని చుక్కలు

మొన్న ఆదివారం ద్వారకా నగర్లో మావయ్య వాళ్ళింటికి వెళ్ళి కూడా ల్యాప్‌టాప్ వదల్లేదు నేను. మా ప్రాజెక్టు కంట్రోల్ చార్టు తెరిచి కూర్చున్నా. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి కదా, కాఫీ గ్లాసుతో వచ్చి వెనకనుంచి చూశాడు.

"ఆ పొడుగు చుక్క ఏంట్రా?"

చెప్పాను. మాకు వారానికి సగటున 14 డిఫెక్టులు. పై హద్దు సుమారు 25. ఆ వారం 22 వచ్చాయి. మేనేజరు గారు కొత్తగా చేరిన కుర్రాణ్ణి మీటింగులో అందరి ముందూ కడిగేశారు. మూలకారణం రాసిమ్మన్నారు. పాపం వాడేదో రాశాడు, టీం లీడుగా నేను ఓకే చేశాను. తర్వాతి వారం 11. "చూశారా, గట్టిగా అడిగితే ఎలా తగ్గాయో!" అన్నారు సారు.

మావయ్య నవ్వలేదు. "ఫర్నేసులో ఇనుముకి సిలికాన్ కూడా ఇలాగే ఊగుతుంది. ఊగినప్పుడల్లా ఎవడో ఒకడు ఏదో ఒకటి తిప్పితే ఇంకా ఊగుతుంది. హద్దులోపలున్న ఒక్క చుక్కకి కారణం రాయమంటే కథలే రాస్తారు. సరే, మరి ఇదేంటి?" అని చివర్లో వేలు పెట్టాడు.

17, 16, 18, 15, 17, 19, 16, 18. వరసగా ఎనిమిదీ సగటుకి పైనే! ఒక్కటీ ఎర్ర గీత దాటలేదు కాబట్టి రిపోర్టంతా పచ్చరంగే. ఎవరూ అడగలేదు.

లెక్క వేసి చూడండి. ప్రాసెస్ మారకపోతే చుక్క సగటుకి పైన పడే అవకాశం రమారమి సగం. వరసగా ఎనిమిదీ పైనే పడాలంటే 256లో ఒకటి. 1924లో షూహార్ట్ తొలి కంట్రోల్ చార్టు గీసిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళే 1956 నాటి హ్యాండ్‌బుక్కులో ఈ సూత్రం రాసిపెట్టారు. వెనక్కి వెళ్ళి చూస్తే, సరిగ్గా ఆ ఎనిమిది వారాల ముందే డెడ్‌లైన్ పేరుతో కోడ్ రివ్యూలు ఎత్తేశాం. ఎత్తేసింది ఆ కుర్రాడు కాదు, మేమే.

అలాగని ప్రతి వంకరలోనూ ప్యాటర్న్ వెతక్కూడదు. సూత్రాలు పెరిగేకొద్దీ ఉత్తుత్తి అలారాలూ పెరుగుతాయి. ఏవి వాడతామో చార్టు చూడకముందే తేల్చుకోవాలి. వారం వారం పని పరిమాణం బాగా మారిపోతుంటే అసలీ హద్దులే చెల్లవు.

నా మటుకు నాకు అర్థమైందేంటంటే, చార్టు ఉన్నది ఎవర్ని నిలదీయాలో చెప్పడానికి కాదు, ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు మన పద్ధతినే తవ్వి చూసుకోవాలో చెప్పడానికి. మీ టీముల్లో ఎలా ఉంది?

సోమవారం ఆ కుర్రాడికి సారీ చెప్పాను. వాడి అప్రైజల్ మాత్రం అప్పటికే అయిపోయింది.