దొడ్డిదారిన పడ్డ ముద్ర

డీఎన్ఏ అంటే కోడ్ లాంటిదే కదా అని మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం తరచుగా అంటూ ఉంటాం. ఆ పోలికతో నాకు పేచీ లేదు. డాక్యుమెంటేషన్‌లో రాసి ఉన్నదే మొత్తం సిస్టమ్ అనుకునే ధీమాతోనే నా పేచీ. ఆ ధీమాకి ఒక బాక్టీరియా మంచి జవాబు చెప్పింది.

యుబిక్విటిన్ అనేది మన కణాల్లో ఉండే 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీను. ఇది వేరే ప్రోటీను మీద ముద్రలా పనిచేస్తుంది. దీన్ని పారెయ్యాలా, ఫలానా చోటికి పంపాలా అన్నది కణం ఆ ముద్ర చూసి తేల్చుకుంటుంది. ముద్ర పడాలంటే మూడు రకాల ఎంజైములు వరసగా పనిచెయ్యాలి, ఏటీపీ ఖర్చవ్వాలి. ప్రోటీన్ల విధ్వంసంలో ఈ ముద్ర పాత్రను కనిపెట్టినందుకు సీచానోవర్, హెర్ష్‌కో, రోజ్ అనే ముగ్గురికి 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ముద్రకి ఇదొక్కటే దారి అని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి.

ఇక మన బాక్టీరియా సంగతి. 1976లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ సభలకు వచ్చినవాళ్ళలో చాలామందికి అంతుపట్టని న్యుమోనియా సోకింది. దానికి కారణమైన లీజియోనెల్లా 1977లో బయటపడింది. పెద్ద ఆఫీసు భవనాల కూలింగ్ టవర్లలోని నీళ్ళలో కూడా ఇది పెరగగలదు. ఊపిరితిత్తుల్లోని రక్షక కణాల్లో దూరి, తన ప్రోటీన్లు మూడు వందలకు పైగా వాటిలోకి ఎక్కిస్తుంది.

వాటిలో సిడ్‌-ఈ కుటుంబం ఒకటి. ఈ ప్రోటీన్లకు ఆ మూడు ఎంజైములతోనూ, ఏటీపీతోనూ పనిలేదని 2016లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలోని లువో బృందం చూపించింది. ఎన్ఏడీ అనే అణువును వాడుకుని, యుబిక్విటిన్‌లో 42వ స్థానంలోని ఆర్జినిన్‌ను పట్టుకుని, బాధిత ప్రోటీనులోని సెరీన్‌కి అతికిస్తాయి. మామూలు పద్ధతిలో అయితే యుబిక్విటిన్ తోక చివర లైసీన్‌కి అతుక్కుంటుంది. రెండు అంచెల ఈ పనినంతా ఒకే ప్రోటీను చేసేస్తుంది. ముద్ర మనది, దాన్ని వేసే చెయ్యి శత్రువుది!

నాకు ముఖ్యంగా తోచింది వీటిని పట్టుకున్న తీరు. తెలిసిన యుబిక్విటిన్ ఎంజైములతో పోలిక వెతికి ఉంటే ఇవి దొరికేవి కావు. కొన్ని బాక్టీరియా విషాల్లో కనిపించే ఒక చిన్న గుర్తు వీటిలోనూ ఉంది. పరిశోధకులు ఆ గుర్తును మార్చి చూస్తే విషప్రభావం పోయింది. అక్కణ్ణుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది.

ఇప్పుడు మనవాళ్ళలో కొందరు ప్రోటీన్ల పనిని ఊహించే ప్రోగ్రాములు రాస్తున్నారు. అవి నేర్చుకునేది తెలిసినవాటి నుంచే. అందుకే, దేనితోనూ సరిగా కలవని ప్రోటీనుకు దగ్గరలో ఉన్న పేరు తగిలించే ప్రోగ్రాము కన్నా, "తెలియదు" అని చెప్పి ప్రయోగశాలకు పంపే ప్రోగ్రామే మేలని నా అభిప్రాయం. తప్పు పేరు ఒకసారి డేటాబేస్‌లోకి ఎక్కితే, ఆ తరువాత అటువైపు తొంగిచూసేవాళ్ళే ఉండరు. దొడ్డిదారి మాత్రం తెరిచే ఉంటుంది.