నైట్ డ్యూటీ దిగి సదస్సుకు

ఖిదిర్‌పూర్ అనగానే కలకత్తా రేవు గుర్తొస్తుంది, 1892లో తెరిచిన డాకులు గుర్తొస్తాయి. కానీ ఆ పేట చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లలోనే పెద్దాసుపత్రులు ఎన్నో ఉన్నాయి. ఊరంతా పీజీ అని పిలిచే ఎస్‌ఎస్‌కేఎం, అలీపూర్‌లో సైన్యం నడిపే కమాండ్ ఆసుపత్రి, డైమండ్ హార్బర్ రోడ్డు మీద సీఎంఆర్‌ఐ, మాఝేర్‌హాట్ వైపు పోర్టు వాళ్ల ఆసుపత్రి. పొద్దున షిఫ్టు మారే వేళ బస్సెక్కితే బెంగాలీతో పాటు మలయాళం, మణిపురి, ఒడియా కూడా చెవిన పడతాయి.

ఆ ఆసుపత్రుల నర్సుల్లో కొందరు నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇంటికి పోరు. హ్యాండోవర్ ముగించి, మొహం కడుక్కుని, సంచిలో మడిచి తెచ్చుకున్న చీర కట్టుకుని సదస్సుకు పోతారు. గుమ్మం దగ్గర డెలిగేట్ ఫీజు రసీదు చూపిస్తే మెడలో వేసుకునే కార్డు, పెన్ను, ఫైలు ఇస్తారు. దీపం వెలిగించి, వేదిక మీది పెద్దలకు శాలువాలు కప్పేసరికి గంట గడిచిపోతుంది. రెండో ఉపన్యాసానికి రెప్పలు వాలతాయి. సర్టిఫికెట్ మాత్రం సాయంత్రం గానీ ఇవ్వరు. ముందే ఇస్తే హాలు ఖాళీ అవుతుందని నిర్వాహకులకు తెలుసు.

ఈ అవస్థకు మూలం ఒక లెక్కలో ఉంది. నర్సులు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఆలోగా 150 గంటల నిరంతర విద్య పూర్తి చేయాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన ప్రమాణం. అంటే ఏడాదికి 30 గంటలు, రోజుకు ఆరు గంటల చొప్పున ఐదు రోజులు. అడిగింది ఎక్కువేమీ కాదు. రోగి ప్రాణం చేతిలో ఉండే వృత్తిలో ఇంకా ఎక్కువ అడిగినా తప్పులేదు. ఆ ఐదు రోజులు ఎవరి ఖాతాలోవి, ఆసుపత్రివా, నర్సువా అన్నదే తేలని సంగతి. 2022 డిసెంబరు నాటికి దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది 33.41 లక్షలు. వెయ్యి జనాభాకు ముగ్గురు కావాలంటారు, మనకు ఇద్దరైనా నిండుగా లేరు. ఉన్న ఇద్దరిలో ఒకరిని సదస్సుకు పంపితే వార్డు ఎవరు చూస్తారని ఇన్‌చార్జి సిస్టర్ అడిగితే, ఆమెదీ తప్పనలేం.

2020 మేలో కలకత్తాకు ఈ కొరత ఎంతటిదో తెలిసొచ్చింది. కోవిడ్ మొదలైన కొద్ది వారాలకే ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే ఇతర రాష్ట్రాల నర్సులు మూడు వందల మందికి పైగా రాజీనామా చేసి వెళ్లిపోయారు. మణిపూర్ వాళ్లే ఒక్క విడతలో 185 మంది. నగరం వార్డులు ఎవరి భుజాల మీద నడుస్తున్నాయో చాలామందికి అప్పుడే తెలిసింది.

ఇక సదస్సుల్లో ఏం చెబుతారు? కృత్రిమ మేధ, రోబో సర్జరీ, నాయకత్వ లక్షణాలు. వినడానికి బాగానే ఉంటాయి. కానీ వార్డుకు కావాల్సిన పాఠాలు వేరు. పీజీ ఆవరణలో రోనాల్డ్ రాస్ స్మారకం ఉంది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్న రాస్, మరుసటేడు కలకత్తాలోనే పక్షుల మలేరియా మీద ఆ పరిశోధనను కొలిక్కి తెచ్చాడు. ఆ దోమల పీడ ఈ నగరాన్ని ఇంకా వదల్లేదు. వాన పడితే వార్డులో డెంగీ మంచాలే. అర్ధరాత్రి నర్సు చూసిన బీపీ 100/80. చూడ్డానికి ఫరవాలేదనిపిస్తుంది. కానీ పై అంకెకూ కింది అంకెకూ తేడా 20కి దిగిందంటే రోగి షాకు అంచున ఉన్నట్టే. బంధువులు ప్లేట్‌లెట్ల గురించే అడుగుతుంటారు, ఈ తేడాను పట్టాల్సింది ఆ నర్సే. జూన్‌లో, వార్డులోనే, రోగి చార్టు చేతిలో పెట్టి అరగంట చెబితే సరిపోయే పాఠమిది. దీనికి ఆడిటోరియం దేనికి?

ఇంకో పాఠం కలకత్తాయే నేర్పింది. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున ఢాకురియా ఏఎంఆర్‌ఐ ఆసుపత్రిలో మంటలు రేగి తొంభై మంది దాకా చనిపోయారు. రోగులను కాపాడబోయి పొగలో ఊపిరాడక పోయినవాళ్లలో కేరళ నుంచి వచ్చిన ఇద్దరు యువ నర్సులున్నారు. లేవలేని మనిషిని దుప్పటితో సహా మంచం మీంచి దించి మెట్ల మీదుగా ఎలా లాక్కుపోవాలో స్లైడులో చూస్తే రాదు. నిజం మెట్ల మీద, నిజం బరువుతో లాగితేనే వస్తుంది.

సదస్సులన్నీ దండగ అనడం లేదు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1908 నుంచి ఉంది. దాని కిందే 1929లో విద్యార్థుల సంఘం పుట్టింది. ఆ విద్యార్థుల సమావేశాలే నాకు ఎక్కువ ప్రయోజనకరంగా తోస్తాయి. హాలు నింపడానికి కాలేజీ బస్సుల్లో దింపిన పిల్లల సంగతి వేరే అనుకోండి. తను గీసిన పోస్టరు పక్కన నిలబడి, జడ్జి అడిగిన ప్రశ్నకు తడబడుతూనైనా బదులు చెప్పిన పిల్ల రేపు వార్డులో ‘సార్, ఈ డోసు ఎక్కువేమో చూడండి’ అనగలదు. అలా నోరు తెరవడం ఏ సిలబస్‌లోనూ ఉండదు.

భాష సంగతీ ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పి మరీ జర్మనీ పంపుతోంది. మంచిదే. కానీ మణిపూర్ నుంచి ఖిదిర్‌పూర్ వచ్చిన అమ్మాయికి ఉర్దూ మాట్లాడే ముసలాయన నొప్పి ఎక్కడో చెబితే అర్థమయ్యేలా నేర్పే తరగతులకు గంటలు ఎవరు లెక్కిస్తారు?

150 గంటల్లో సగమైనా వార్డులో నేర్పి, డ్యూటీ గంటలుగానే రాయాలి. మిగతా సగానికి జీతంతో సెలవు ఇవ్వాలి, ఫీజు ఆసుపత్రే కట్టాలి. ఖర్చు మరీ పెద్దదేం కాదు. ఇప్పుడైతే సదస్సు ముగించుకుని, సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకుని, కునుకు కూడా లేకుండా చాలామంది రాత్రి డ్యూటీకి తిరిగొస్తారు. రోస్టర్‌లో ఆ పగలు వాళ్ల పేరుకెదురుగా ‘ఆఫ్’ అని రాసి ఉంటుంది.