వాక్యం ఎక్కడ పట్టుబడుతుంది?

పత్రికలకు వస్తున్న కొత్త కథల్లో ఒక తరహా వాక్యం పదేపదే కనబడుతోంది: ‘అతను ఇంటికి వెళ్ళడం జరిగింది.’ ‘వెళ్ళాడు’ అంటే సరిపోయేచోట ఇంత డొంకతిరుగుడు ఎందుకు? రాసినవారికి తెలుగు రాక కాదు. ఇంట్లో వాళ్ళూ అలా మాట్లాడరు. కానీ రోజూ కంటపడేది ఆఫీసు కాగితాల తెలుగు, చెవిన పడేది టీవీ వార్తల తెలుగు. రాయడానికి కూర్చుంటే చేతికి అదే వస్తోంది. మంచి వాక్యం చేతికెలా వస్తుందో పాత రచయితలను చూస్తే తెలుస్తుంది.

కథకుడు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891-1961) పొలమూరులో వైదిక కుటుంబంలో పుట్టారు. సంస్కృత కావ్యాలు చదువుకున్నారు, ఇంగ్లీషు చదువు జోలికి పోలేదు. అంత సంస్కృతం చదివిన మనిషి కథ రాస్తే సమాసాలతో బిగదీసి ఉంటుందనుకుంటాం. ఆయన కథ ‘వడ్లగింజలు’ తెరిస్తే ఆ అనుమానం పటాపంచలవుతుంది. కథానాయకుడు తంగిరాల శంకరప్ప చదరంగపు ఎత్తుల వెంట గోదావరి జిల్లా మాట గలగలా పారుతుంది. కథ చాలావరకు సంభాషణల మీదే నడుస్తుంది. ఎవరు మాట్లాడుతున్నారో రచయిత చాలాచోట్ల చెప్పనే చెప్పరు, మాట తీరుని బట్టి పాఠకుడికే తెలిసిపోతుంది. వాల్మీకి రామాయణాన్ని తెలుగు వచనంలోకి తెచ్చింది కూడా ఈ చెయ్యే. పాత కావ్యాల్ని అక్షరమక్షరం చదివిన అలవాటు ఆయనకు పెద్ద పెద్ద మాటల్ని అంటగట్టలేదు. ఏ మాట ఎక్కడ పడాలో, ఎక్కడ ఆగాలో నేర్పింది.

కొడవటిగంటి కుటుంబరావు దారి వేరు. భౌతికశాస్త్రం చదివారు, ఇంగ్లీషు సాహిత్యం విస్తారంగా చదివారు. అయినా వాక్యం మాత్రం సొంతూరు తెనాలి వాక్యమే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పిల్లల పత్రిక ‘చందమామ’ను తీర్చిదిద్దింది ఆయనే. అందులో వాక్యాలు పొట్టివి, పనులు చకచకా జరిగిపోతాయి, అనవసరపు విశేషణం ఒక్కటి దొరకదు. నెలనెలా అదే ఎత్తుగడతో మొదలయ్యే బేతాళ కథను పిల్లలు బట్టీ పట్టకుండానే గడగడా అప్పజెప్పేవారు. తెలుగు వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాళ్ళకు అలా వంటబట్టింది. వ్యాకరణ పాఠం చేయలేని పని అది.

కవి దాశరథి ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. గాలిబ్‌ను అంతగా చదివారు కాబట్టే 1961లో ఆయన అనువదించిన ‘గాలిబ్ గీతాలు’ తెలుగు పద్యాల్లా పలికాయి. పరాయి భాష చదివితే తెలుగు చెడుతుందన్న భయం అక్కర్లేదు. తెలుగు చదవడం మానేస్తేనే ముప్పు.

చదవాలంటే పుస్తకాలు అందుబాటులో ఉండాలి. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలిసింది ఊరివాళ్ళ పట్టుదలతో. ఇవాళ ఇంటిపన్నుతోపాటు అందరూ గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. శాఖా గ్రంథాలయానికి వెళితే మాత్రం ఎక్కువగా దొరికేవి దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు. ఆ డబ్బులో కొంత కథల పుస్తకాలకు ఖర్చు చేయించడం అసాధ్యమేమీ కాదు. బడులు కూడా వారానికో పీరియడ్ కథ పైకి చదివించడానికి కేటాయించాలి. దానికి మార్కులు ఉండకూడదు, ప్రశ్నలు జవాబులు అసలే ఉండకూడదు. చిన్న తరగతుల్లో పాత ‘చందమామ’లతో మొదలుపెట్టి, ఎనిమిదో తరగతికల్లా ‘వడ్లగింజలు’ చేతికివ్వవచ్చు. పెద్ద కథ, వారాల తరబడి సాగుతుంది. సాగనివ్వాలి.