గాలి ఆగాక మొదలయ్యే గండం

ఐ.పోలవరం పేరులో ముందున్న ఆ ఒక్క అక్షరం ఐలాండ్ అన్న మాటకు పొట్టిరూపం. ఒకపక్క గౌతమి, ఇంకోపక్క వృద్ధ గౌతమి, దిగువన సముద్రం. అన్నంపల్లి దగ్గర ఒక పాయ దాటి మురమళ్లలో అడుగు పెట్టాలి, ఎదుర్లంక దగ్గర రెండో పాయ దాటి యానాం చేరాలి. అమలాపురం పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా, కాకినాడ జనరల్ ఆసుపత్రికి వెళ్లాలన్నా గోదారి దాటక తప్పదు. మామూలు రోజుల్లో ఇది ఎవరికీ గుర్తుండదు. గుర్తొచ్చే రోజున మాత్రం చేయగలిగింది ఏమీ మిగలదు.

1996 నవంబరు 6 రాత్రి అలాంటిదే. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుఫాను కోనసీమ నడుం విరిచింది. ప్రభుత్వ లెక్కలోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. చేపల వేటకు వెళ్లినవాళ్లు, మడ అడవుల కాలువల్లో రొయ్యపిల్లలు పట్టుకుంటున్నవాళ్లు ఎందరో తిరిగి ఇంటికి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాల్లో ఏడుపు వినిపించని గడప లేదు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు రోడ్ల మీద అడ్డంగా పడి ఉన్నాయి. వాటిని నరుక్కుంటూ పోతే తప్ప బండి కదలదు. అప్పటికి ఎదుర్లంక, యానాంల మధ్య వంతెన లేదు, పంటు మీద దాటాల్సిందే. విరిగిన కాలుతో ఉన్న మనిషిని మంచం మీద పడుకోబెట్టి, నలుగురు భుజాలకెత్తుకుని రేవు దాకా మోయడం తప్ప మరో మార్గం లేదు. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరైన బాలయోగి పేరుతో 2002లో వంతెన వచ్చింది. ఆ వంతెన నిలబెట్టిన ప్రాణాలు ఎన్నో ఈ మండలానికి తెలుసు.

అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటేనాటికి పడవలు ఒడ్డుకు చేరాయి, లోతట్టు జనం పునరావాస కేంద్రాల్లో ఉన్నారు, నెలలు నిండిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు తరలించారు. పొరుగున ఉన్న ఒడిశాలో 1999 పెనుతుఫాను పదివేలమందికి దగ్గరగా బలి తీసుకుంటే, 2013లో ఫైలిన్‌కు చనిపోయినవారు యాభైమందికి లోపే. హెచ్చరించడం, ఖాళీ చేయించడం మనం నేర్చుకున్నాం. నేర్చుకోనిది ఒకటే, మర్నాటి నుంచి ఆసుపత్రి నడపడం. రాబోయే ప్రమాదం అక్కడే ఉంది.

తుఫాను మృతుల లెక్క గాలితో పాటే ఆగిపోతుంది. ప్రాణాలు పోవడం మాత్రం ఆగదు. కరెంటు లేని వారం రోజుల్లో డయాలసిస్ అందక పోయిన మనిషి ఆ లెక్కలోకి రాడు. ఒక్కసారి డయాలసిస్ చేయాలంటే నాలుగు గంటల కరెంటు, 120 లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీరు కావాలి. వారానికి రెండు మూడుసార్లు చేయించుకోవాల్సిన మనిషికి రోడ్డు నాలుగు రోజులు మూతబడితే ఏం జరుగుతుందో చెప్పడానికి వైద్యుడే అక్కర్లేదు. 1996లో ఈ లంకల్లో డయాలసిస్ మీద బతికేవాళ్లు లేరు. ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టుకున్నవాళ్లు లేరు. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉండగా ఒంటరిగా ఇన్సులిన్ పొడుచుకుంటూ గడిపే ముసలివాళ్లు ఇంతమంది లేరు. కరెంటును, రోడ్డును, సమయానికి అందే మందును నమ్ముకుని బతికే ఊరి మీదికి రేపటి తుఫాను వస్తుంది.

వరద వచ్చిన రాత్రి ఏటిగట్టు మీద ఏం జరుగుతుందో చూడండి. ఇళ్లు మునిగినవాళ్లు పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో గట్టెక్కుతారు. పాములకూ పొడినేల కావాలి, అవీ గట్టుకే వస్తాయి. నేల మీద టార్పాలిన్ పరుచుకుని పడుకున్న మనిషిని అర్ధరాత్రి కట్లపాము కాటేస్తే పెద్దగా నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. చీమో దోమో కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి అందదు. అప్పుడు మొదటి విడతగానే పది సీసాల విషవిరుగుడు మందు ఎక్కించాలి. దానితో పాటు వెంటిలేటరు దొరికేదాకా నోటికి మాస్కు అదిమి, అంబూ బ్యాగు చేత్తో నొక్కుతూ శ్వాస ఇచ్చే మనిషి ఒకరు ఉండాలి. నావలో ఉన్నంతసేపూ, రేవులో దింపేటప్పుడూ, అంబులెన్సులోకి ఎక్కించేటప్పుడూ ఆ చెయ్యి ఆగకూడదు. అంబూ బ్యాగు ఖరీదు ఆరోగ్య కేంద్రానికి భారమేమీ కాదు. దాన్ని నొక్కడం ఒక పూటలో నేర్పవచ్చు. గట్టు మీద నేర్చినవాళ్లు ఉన్నారా అన్నదే ప్రశ్న. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక ఆ ప్రశ్న అడిగి లాభం లేదు. 1986 ఆగస్టులో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. గోదావరి మనకు గడువు ఇస్తూనే ఉంది.

గడువు ఇవ్వని ప్రమాదాలూ కోనసీమకు కొత్త కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. ఒళ్లంతా కాలిన మనుషులను బండ్ల మీద అమలాపురానికీ కాకినాడకూ పరుగులెత్తించాల్సి వచ్చింది. ఈ మండలంలోనే, 2018 జులై 14న పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇళ్లకు వస్తున్న పిల్లల నావ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి కొట్టుకుని బోల్తా పడింది. పట్టపగలు, తుఫాను లేని రోజు జరిగిన ఘోరం అది. నీళ్లు మింగిన పిల్లను ఒడ్డుకు చేర్చాక మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేయాలో రేవులో ఉన్న ప్రతి నావికుడికీ తెలిసి ఉండాలి. తలకిందులు చేసి పొట్ట నొక్కడం తప్పనీ, నోటితో ఊపిరి ఊది ఛాతీ నొక్కాలనీ నేర్పేవారు కావాలి.

ఆసుపత్రే ప్రమాద స్థలమైన సందర్భాలూ మన రాష్ట్రం చూసింది. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై ఆక్సిజన్ ఒత్తిడి పడిపోతే 11మంది చనిపోయారు. అంతకు ఏడాది ముందు విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ వాయువు పొర్లినప్పుడు తెల్లారేసరికి కింగ్ జార్జి ఆసుపత్రికి వందలమంది చేరారు. మందులూ మంచాలూ మాత్రమే కాదు, ఒక్కసారిగా వచ్చిపడే జనంలో ఎవరిని ముందు చూడాలో తేల్చే అభ్యాసం కూడా సన్నద్ధతే.

కాగితాల విషయంలో దేశానికి లోటు లేదు. విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. ఒకేసారి పెద్దసంఖ్యలో క్షతగాత్రులు వస్తే ఏం చేయాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, ఆసుపత్రుల భద్రతపై 2016లో మరొకటి ఇచ్చింది. విపత్తుల్లో ఆసుపత్రులు దెబ్బతినకుండా, వాటి సేవలు ఆగకుండా చూస్తామని 2015లో సెండాయ్ ప్రపంచ సదస్సులో మన దేశమూ మాట ఇచ్చింది. ఆ గడువు 2030. ప్రజారోగ్యానికి స్థూల దేశీయోత్పత్తిలో రెండున్నర శాతం ఖర్చు పెడతామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. దానికి పెట్టుకున్న గడువు 2025, అక్కడికి మనం చేరలేదు. ఈ లోటు ఢిల్లీ లెక్కల్లో ఒక అంకె. లంకలో అదే డీజిలు లేని జనరేటరు, భర్తీ కాని నర్సు ఉద్యోగం, సంచిలో అడుగంటిన మాత్రలు.

చేయాల్సినవి పెద్ద పనులు కావు. ఆరోగ్య కేంద్రం జనరేటరు 1986 వరద మట్టానికి పైన ఉండాలి, వారానికి సరిపడా డీజిలు వరదల కాలానికి ముందే నిల్వ ఉండాలి. టీకాల ఫ్రిజ్‌ను ఆ జనరేటరుకు కలపాలి. పాముకాటు మందు, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఎలుక జ్వరానికి డాక్సీసైక్లిన్ నది అవతల గోదాములో కాకుండా ఇవతల ఉండాలి. 2018 వరదల తర్వాత కేరళను ఎలుక జ్వరం ఎంత వేధించిందో మరిచిపోకూడదు. గర్భిణుల పేర్లు ఆశా కార్యకర్త పుస్తకంలో ఉన్నట్టే డయాలసిస్, ఇన్సులిన్, ఆక్సిజన్ మీద ఉన్నవారి పేర్లూ ఉండాలి. తుఫాను కబురు రాగానే గర్భిణులతో పాటు వారినీ తరలించాలి. అన్నిటికన్నా ముందు ఆ ఆశా కార్యకర్త ఇల్లు, ఆమె పిల్లలు భద్రంగా ఉన్నారని ఆమెకు ధైర్యం ఇవ్వాలి. తన ఇల్లు మునుగుతుంటే ఊరిని చూడమనడం న్యాయం కాదు. ఇక యానాం. వంతెన దాటితే ఆసుపత్రి ఉంది, కానీ అది పుదుచ్చేరి ఏలుబడి. ఆపద రోజున రోగిని ఏ రాష్ట్రమని అడగకుండా చేర్చుకునే ఒప్పందాన్ని రెండు ప్రభుత్వాలు ముందే రాసుకుని, రెండువైపుల సిబ్బందికీ తెలియజేయాలి.

జిల్లా కలెక్టరుకు, ఈ ప్రాంత శాసనసభ్యులకు, ఎంపీకి మా విన్నపం ఇది. ఈ ఏడాది ఒక విన్యాసం రాత్రిపూట, కరెంటు తీసేసి, ఫోన్లు ఆపేసి, రెండు పాయల మీది వంతెనలూ మూసేశారనుకుని నిర్వహించండి. ఏది పనిచేయలేదో జనానికి చెప్పండి.

పాఠకులకూ ఒక మాట. మీ ఇంట్లో ఇన్సులిన్ వాడేవారు ఉంటే మందు అదనంగా కొని ఉంచండి. కరెంటు పోతే కొత్త మట్టికుండలో, తడిగుడ్డ చుట్టి దాచండి. అక్టోబరు గాలులు రాకముందే ఒకసారి మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, జనరేటరు ఆన్ చేసి చూపించమని అడగండి.