టికెట్ క్లోజ్ అయింది సరే, ఆ తర్వాత?

బగ్ ఫిక్స్ చేస్తాం, టెస్టింగ్ వాళ్ళు సరే అంటారు, టికెట్ క్లోజ్. కోడ్ బానే ఉంది కానీ, ఆ హడావుడిలో కాన్ఫిగరేషన్‌లో ఏం చెదిరిందో ఎవరు చూస్తారు చెప్పండి? డీఎన్ఏ విషయంలో ఇదే ప్రశ్న పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్న పోస్ట్‌డాక్‌లు ఉన్నారు.

మన కణాల్లో డీఎన్ఏ రోజూ దెబ్బతింటుంది, రిపేరూ అవుతుంది. అక్షరాలు మళ్ళీ సరిగ్గానే అతుక్కుంటాయి అనుకుందాం. మరి ఏ జన్యువు పనిచెయ్యాలి, ఏది మూసుకుని ఉండాలి అని చెప్పే గుర్తుల సంగతేంటి? ఎపిజెనెటిక్స్ అంటే ఆ గుర్తుల గొడవే. హార్వర్డ్‌లో డేవిడ్ సింక్లెయిర్ ల్యాబ్ వాళ్ళు 2008లో ఎలుక కణాల్లో ఒకటి గమనించారు. కొన్ని జన్యువుల్ని మూసి ఉంచే సర్ట్1 అనే ప్రోటీన్, డీఎన్ఏ తెగిన చోటికి రిపేరు కోసం వెళ్ళిపోతోంది. పక్కింట్లో మంటలార్పడానికి కాపలావాడు గేటు వదిలేసి పరిగెత్తినట్టన్నమాట!

2023లో అదే ల్యాబ్ 'సెల్' పత్రికలో ఇంకో ప్రయోగం ప్రచురించింది. ఎలుకల డీఎన్ఏని మూడు వారాలపాటు కొన్నిచోట్ల తెగేలా చేశారు. మ్యుటేషన్లు పెరగకపోయినా ఎలుకలు తొందరగా ముసలివయ్యాయి అన్నారు. మూడు జన్యువులు పంపిస్తే కొన్ని లక్షణాలు వెనక్కి మళ్ళాయనీ అన్నారు. ఇంకేముంది, ఎక్కడ చూసినా "శరీరానికి రీబూట్" కబుర్లే!

నా అభ్యంతరం ఇక్కడే. 2024లో టిమన్స్, బ్రెన్నర్ అనే ఇద్దరు అదే పత్రికలో అడ్డం తిరిగారు. డీఎన్ఏ కోస్తే కణాలు చావచ్చు, విభజన ఆపేయొచ్చు, ముసలితనానికి అదే కారణం కాదని ఎలా చెప్తారు అని. ప్రయోగం చేసినవాళ్ళు జవాబిచ్చారు. వాదన తెగలేదు. సైన్స్ అంటే ఇలాగే నడవాలి కూడా.

మనకి మాత్రం పోలిక అర్థమైతే చాలు, విషయం అర్థమైపోయినట్టే. బ్యాకప్, రీస్టోర్ అనగానే తలూపేస్తాం, ఎందుకంటే అది మన భాష. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే లాగ్ చూడకుండా కారణం ఒప్పుకోని మనమే, అమ్మానాన్నలకి "వయసు తగ్గించే" మాత్రలు ఆర్డర్ పెట్టేటప్పుడు ఒక్క ప్రశ్నా వెయ్యం!

ఏడాదికో రెండేళ్ళకో కాంట్రాక్టు మీద, మనతో పోలిస్తే చాలా తక్కువ జీతానికి, "రిపేరయ్యాక ఏం మిగిలింది?" అని తవ్వే ఆ పోస్ట్‌డాక్‌లకి మనమివ్వగలిగే మర్యాద ఒకటే. వాళ్ళు ఇంకా చెప్పని జవాబుని సీసాలో పోసి అమ్మేవాడి దగ్గర కొనకుండా ఉండటం.

ఏమంటారు?