సీసాతో తీరేది కాదు లో బీపీ

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో కళ్లు తిరిగితే చాలు, రోగం పేరు సిద్ధం: లో బీపీ. మందూ సిద్ధమే: గ్లూకోజ్ పెట్టించుకోవడం, ఇంటికొచ్చి కూరలో ఉప్పు పెంచడం. అలంపూర్ నుంచి నాగర్‌కర్నూల్ దాకా పాతుకుపోయిన నమ్మకమిది. తప్పుడు నమ్మకం. బాధపెట్టే లో బీపీ వెనక ఒక కారణం ఉంటుంది. దాన్ని వెతకని వైద్యం వైద్యమే కాదు.

ముందు ఆ గ్లూకోజ్ సీసా సంగతి తేలుద్దాం. అర లీటరు గ్లూకోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, మిగతాదంతా నీళ్లు. నోటితో తాగగలిగే మనిషికి దాన్ని సూదితో ఎక్కించడం దేనికి? ఎండకో విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గితే ఓఆర్‌ఎస్ తాగాలి. అది లేకుంటే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరి.

ఇక అంకె. 90/60 కన్నా తగ్గితే లో బీపీ అంటారు. ఆ అంకెతోనే ఏ బాధా లేకుండా తిరిగే ఆడపిల్లలు ఎందరు లేరు? వాళ్లకు చికిత్స ఎందుకు? ఎప్పుడూ పై అంకె 160 ఉండే మనిషికి ఉన్నట్టుండి 100కు పడితే మాత్రం అది ప్రమాదమే. అంకెను నమ్మి మనిషిని చూడనివాడు రెండుచోట్లా తప్పుతాడు.

విత్తన పత్తి చేలో పూలకు చేత్తో పరాగసంపర్కం (క్రాసింగ్) చేసే కూలీతల్లి మొహం పాలిపోయి ఆయాసపడుతుంటే అదీ లో బీపీయేనా? తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. హిమోగ్లోబిన్ చూడకుండా సీసా పెడితే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

మంచం దిగగానే తూలే పెద్దలకు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిందా? హై బీపీ మాత్ర ఎక్కువై ఉండొచ్చు, ఏళ్లనాటి షుగర్ నరాలను దెబ్బతీసి ఉండొచ్చు. మాత్ర మోతాదును సీసా సరిచేస్తుందా? గుండె, కిడ్నీలు బలహీనమైనవారికి ఆ ఉప్పూ ఆ సీసా ఊపిరితిత్తుల్లో నీరు చేర్చగలవు.

చల్లటి చెమటలు, సన్నగా వేగంగా కొట్టుకునే నాడి, మతి తప్పడం, మూత్రం తగ్గడం: ఇవి షాక్ గుర్తులు. గుండెపోటో, లోపలి రక్తస్రావమో, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షనో కారణం కావచ్చు. అప్పుడు వీధి చివర సీసా కోసం గంట పోగొట్టుకుంటే ప్రాణమే పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. అలంపూర్ వైపువారికి తుంగభద్ర దాటితే కర్నూలు పెద్దాసుపత్రి ఉంది.

ఇకనుంచి ఎవరైనా మీకు లో బీపీ అంటే ఒక్క ప్రశ్న వేయండి: ఎందుకు తగ్గింది? జవాబు చెప్పలేనివాడి చేతికి మీ చెయ్యి ఇవ్వకండి.