పడిన తరువాత కాదు, పడక ముందే చూపించండి

ఆసుపత్రికి వచ్చిన పెద్దవారికి బి.పి. చూస్తాము, షుగరు చూస్తాము, బరువు తూస్తాము. వారు నిలకడగా నిలబడగలుగుతున్నారా, తూలకుండా తిరగగలుగుతున్నారా అని మాత్రం చాలాసార్లు ఎవరూ అడగరు. తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయి, ఫిజియోథెరపీ గదికి తీసుకువచ్చినప్పుడు గాని, "కొన్ని నెలల నుండి గోడ పట్టుకునే నడుస్తున్నారండి" అనే మాట ఇంటివారి నోట రాదు. 65 ఏళ్ళు దాటిన ప్రతివారికీ, పడినా పడకపోయినా, ఏడాదికి ఒకసారి ఈ నిలకడ పరీక్ష జరగాలని మా అభిప్రాయం.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచమంతటా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారు. వారిలో 80 శాతానికి పైగా మనవంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాలవారే.

నిలబడటం తేలికైన పనిగా కనిపిస్తుంది. కాని అందుకు కళ్ళ నుండి, లోపలి చెవి నుండి, పాదాలూ కీళ్ళ నుండి మెదడుకు ఎప్పటికప్పుడు సమాచారం అందుతూ ఉండాలి. వీటిలో ఒకటి బలహీనపడితే మిగిలిన రెండూ కొంతవరకు సర్దుకుంటాయి. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారిలో పాదాల స్పర్శ తగ్గవచ్చు. పగలు కళ్ళు ఆ లోటును కనపడనీయవు. రాత్రి కరెంటు పోయినప్పుడో, ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడో ఒక్కసారిగా తూలుతారు. 19వ శతాబ్దంలోనే జర్మనీ వైద్యుడు రోంబర్గ్, వెన్నుపాము దెబ్బతిన్న రోగులు కళ్ళు మూసుకోగానే తూలిపోవడం గమనించి వ్రాశారు. పాదాలు దగ్గరగా ఉంచి, కళ్ళు మూసి నిలబెట్టి చూసే ఆ పరీక్షను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాము.

ఈ పరీక్షలకు పెద్ద యంత్రాలు అవసరం లేదు. ఒక కుర్చీ, ఒక గడియారం, కొలత టేపు ఉంటే చాలావరకు సరిపోతుంది. 1991లో ప్రచురితమైన ఒక పరీక్షలో, చేతుల కుర్చీలో కూర్చున్నవారు లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, వెనుదిరిగి వచ్చి మళ్ళీ కూర్చోవాలి. దీనికి 12 సెకన్లు లేక అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్తపడాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సూచిస్తున్నది. 1989లో కెనడాలో కేథరిన్ బెర్గ్ రూపొందించిన పరీక్షలో 14 పనులు, మొత్తం 56 మార్కులు. కూర్చుని లేవడం, నేల మీద వస్తువు తీయడం, వెనుకకు తిరిగి చూడటం, ఒంటికాలి మీద నిలబడటం వంటి రోజువారీ కదలికలే అందులో ఉంటాయి.

మార్కులు తక్కువ వచ్చాయని భయపడనక్కర లేదు. ఎక్కువ వచ్చాయని నిర్లక్ష్యమూ తగదు. లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడమే ముఖ్యం. కుర్చీలో నుండి లేవలేకపోతే తొడ కండరాలకు బలం కావాలి. లేవగానే కళ్ళు చీకట్లు కమ్మితే బి.పి. మాత్రలను డాక్టరు మళ్ళీ చూడాలి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. పక్క మీద ఒత్తిగిలినప్పుడల్లా గిర్రున తిరిగినట్లుంటే అది లోపలి చెవి సమస్య కావచ్చు. తలను ఒక పద్ధతిలో తిప్పి చేసే చికిత్సతో చాలామందికి అది నయమవుతుంది. పైకి అన్నీ "తూలడమే" అయినా అందరికీ ఒకే వ్యాయామం పనికిరాదు.

"వయసు వచ్చింది, తూలకుండా ఎలా ఉంటారు?" అని కొందరంటారు. వయసు ఒక కారణమే గాని, నిలకడ ఏ వయసులోనైనా కొంత మెరుగుపడుతుంది. 2019లో అనేక పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, వ్యాయామం చేసిన పెద్దవారిలో పడిపోవడం 23 శాతం తగ్గినట్లు తేలింది.

ఇంకొందరు ప్రేమతోనే, "అమ్మా, నువ్వు కదలకు, అన్నీ మేమే తెచ్చిస్తాము" అని కూర్చోబెడతారు. కదలని కాళ్ళు కొద్ది వారాలలోనే బలం కోల్పోతాయి. బలం తగ్గితే భయం పెరుగుతుంది, భయంతో నడక ఇంకా తగ్గుతుంది. పెద్దవారిని కదలకుండా కాపాడటం కాపాడటం కాదని మేము గట్టిగా చెప్పదలచాము. బజారులో కొన్న చేతికర్ర కూడా పరీక్షకు బదులు కాదు. చేయి పక్కకు వదిలి నిటారుగా నిలబడితే కర్ర పిడి మణికట్టు ఎత్తుకు రావాలి. ఒక కాలు నొప్పిగా ఉంటే దానికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. ఎత్తు కుదరని కర్ర మనిషిని వంచి, మరింత తూలేటట్లు చేస్తుంది.

కనుక మీ ఇంటి పెద్దలను గమనించండి. గత ఏడాదిలో ఒక్కసారైనా పడ్డారా? పడతామేమోనని స్నానానికీ బయటికి వెళ్ళడానికీ జంకుతున్నారా? నడుస్తుండగా పలకరిస్తే, జవాబు చెప్పడానికి ఆగిపోతున్నారా? గుడిలో చాప మీద నుండి లేవడానికి ఇద్దరి చేయి కావలసి వస్తున్నదా? వీటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా ఫిజియోథెరపీ విభాగానికి తీసుకురండి. కళ్ళు మూసి నిలబెట్టే పరీక్షలు ఇంటి దగ్గర చేయవద్దు. వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ, రోజూ వేసుకునే చెప్పులు, కళ్ళజోడు, కర్ర ఉంటే కర్ర వెంట తెండి. పరీక్షలో వాటిని కూడా చూడవలసి ఉంటుంది.